తిరుపతి మిద్దె తోటలో రీగల్ పెలార్గోనియం: రెండు శీతకాలాల తరువాత ఒక సమీక్ష

సంక్రాంతికి ముందు వారాల్లో తిరుపతి చుట్టుపక్కల నర్సరీలకు బెంగళూరు వైపు నుంచి వచ్చే పూలమొక్కల్లో, చామంతులు, పెటూనియాల పక్కన, కొన్నేళ్లుగా మరొక మొక్క కూడా కనిపిస్తోంది. ముడతలు పడిన గట్టి ఆకులు, కొమ్మ కొసన గుత్తిగా విచ్చుకున్న పెద్ద పూలు, పై రెండు రేకుల మీద కుంచెతో అద్దినట్టున్న ముదురు మచ్చ ఉండే ఆ మొక్కను అందరూ జెరేనియం అనే అమ్ముతారు. దాని సరైన పేరు రీగల్ పెలార్గోనియం. 2024 జనవరిలో నేను వాటిని నాలుగు కుండీలు కొన్నాను. రెండు ముదురు ఊదా, ఒకటి గులాబీ, ఒకటి తెలుపు మీద ఎర్ర మచ్చ ఉన్నది. అప్పటి నుంచి రెండు శీతకాలాలు, ఒక నిండు వేసవి వాటితో గడిపాక, మా ఊరి వాతావరణంలో ఈ మొక్క కొనదగినదేనా, కొంటే ఏమి ఆశించాలి, ఏమి ఆశించకూడదు అన్నది రాయాలనిపించింది.

ఇది ఏ ఒక్క దుకాణాన్నీ ఉద్దేశించిన సమీక్ష కాదు. నేను తిరిగిన మూడు నర్సరీల్లోనూ ఒకే రకం ప్లాస్టిక్ కుండీ, ఒకే రకం చీటీ, పది ఇరవై రూపాయల తేడాతో ఒకే ధర కనిపించాయి. కనుక ఇక్కడ తూకం వేస్తున్నది మొక్కను, దానితో పాటు కొనేవారికి చెప్పే మాటలను. నా అభిప్రాయం ముందే చెబుతాను. జనవరిలో మొగ్గల మీద ఉన్న మొక్కను కొంటే రెండున్నర నెలల పాటు అది పెట్టిన డబ్బుకు పూర్తి విలువ ఇస్తుంది. కానీ ఆ మొక్కనే కాపాడుకొని మరుసటి ఏడు తిరుపతిలో మళ్లీ అలాగే పూయించాలని అనుకుంటే, అందుకు అడ్డు వచ్చేది ఎండ కాదు, మట్టి కాదు, మన రాత్రుల వెచ్చదనం. కుండీకి వేలాడుతున్న చీటీ మీద మాత్రం ‘సంవత్సరం పొడవునా పూస్తుంది’ అని అచ్చు వేసి ఉంది. ఈ మొక్క విషయంలో నా ప్రధానమైన ఫిర్యాదు ఆ ఒక్క వాక్యం మీదే.

పేరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు జరిగే పొరపాటు అక్కడే మొదలవుతుంది. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఈ మొక్కలను జెరేనియం ప్రజాతిలోనే చేర్చాడు. 1789లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లెరిటియే వాటిని విడదీసి పెలార్గోనియం అన్నాడు. గ్రీకులో పెలార్గోస్ అంటే కొంగ. ఎండిన కాయ కొంగముక్కులా పొడుగ్గా ఉంటుంది కనుక ఆ పేరు. శాస్త్రం మారినా తోటమాలుల నోట మాత్రం పాత పేరే నిలిచిపోయింది. అందువల్ల మన నర్సరీల్లో జెరేనియం అని అడిగితే మూడు నాలుగు వేరు వేరు మొక్కలు చేతికి వచ్చే అవకాశం ఉంది. గుండ్రని మెత్తని ఆకు మీద ముదురు రంగు వలయం ఉన్నది జోనల్ రకం. నున్నని మందపాటి ఆకులతో తీగలా కిందికి వేలాడేది ఐవీ రకం. ఆకు నలిపితే గులాబీ వాసన వచ్చేది, నీలగిరుల్లో నూనె తీయడానికి పండించే సుగంధపు రకం. రీగల్ ఆకు మీద వలయం ఉండదు. అంచు రంపపు పళ్లలా ఉండి, ఆకు దొన్నెలా కొంచెం లోపలికి ముడుచుకొని, ముట్టుకుంటే గరుకుగా తగులుతుంది. కాండం త్వరగా కట్టెబారుతుంది. అమెరికాలో దీన్నే మార్తా వాషింగ్టన్ జెరేనియం అంటారు. నేను రీగల్ కావాలని అడిగినప్పుడు నర్సరీలో ఉన్న పెద్దాయన ‘జెరేనియం అంటే అన్నీ ఒకటేనమ్మా, రంగులే వేరు’ అన్నారు. ఆయన మాటలో మోసం లేదు, ఆయనకు వచ్చిన సరుకు మీద అంతకు మించి ఏమీ రాసి లేదు. అయినా జోనల్ రకానికీ దీనికీ మన ఊళ్లో బతుకు తీరు పూర్తిగా వేరు కనుక, ఆకు చూసి గుర్తుపట్టడం కొనేవారే నేర్చుకోవాలి.

రీగల్ మొక్కలు అడవిలో ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చినవి కావు. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు జాతులను, వాటిలో ముఖ్యంగా కేప్ టౌన్ దగ్గరి కొండవాలుల్లో పెరిగే పెలార్గోనియం కుకులేటమ్ వంటి వాటిని, ఐరోపా తోటల్లో తరతరాలుగా సంకరం చేయగా వచ్చినవి. ఆ నేల లక్షణం తెలిస్తే మొక్క పంతం అర్థమవుతుంది. అక్కడ వానలు చలికాలంలో కురుస్తాయి, వేసవి పొడిగా గడుస్తుంది. మొక్క చల్లని తడి నెలల్లో పెరిగి, వసంతంలో ఒక్కసారిగా పూసి, ఎండల్లో విశ్రాంతి తీసుకుంటుంది. ఆలోచిస్తే మన తిరుపతికి కూడా పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి, అంటే చల్లబడే కాలమూ వానకాలమూ ఇక్కడా కొంతవరకు కలిసే వస్తాయి. ఆ పోలిక చూసి మొదట్లో నాకు చాలా ఆశ కలిగింది. కానీ పోలిక అక్కడితో ఆగిపోతుంది. రీగల్ కొమ్మ కొసలో ఆకు చిగురు పూల మొగ్గగా మారాలంటే, మంచి వెలుతురుతో పాటు, రాత్రి ఉష్ణోగ్రత సుమారు 16 డిగ్రీలకు దిగువన కొన్ని వారాల పాటు ఉండాలి. వ్యాపారానికి పెంచేవారు గాజు ఇళ్లలో నాలుగు నుంచి ఆరు వారాలు దాన్ని ఇంకా చల్లగా, 10 డిగ్రీల దరిదాపుల్లో కూడా ఉంచుతారు. మనం జనవరిలో కొనే కుండీలో కనిపించే ఇరవై ముప్పై మొగ్గలు అలా మరెక్కడో చలిలో కట్టుకొని వచ్చినవే. ఇక్కడ ఆ మొక్క చేసేదల్లా ఉన్న మొగ్గలను విప్పడమే.

కొనేటప్పుడు పూలు నిండుగా విచ్చుకున్న కుండీ కళ్లను లాగుతుంది, కానీ అది తీసుకోకూడదు. మూడింట ఒక వంతు పూలు విచ్చి, తక్కినవి రంగు కనబడే మొగ్గలుగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఆకును తిప్పి అడుగున తెల్లదోమ ఉందేమో చూడాలి. ఈ మొక్కకు అది ఆజన్మ శత్రువు, ఒక కుండీతో ఇంటికి వస్తే మిద్దె మీద టమాటాలకు, వంగకు కూడా పాకుతుంది. కాండం మొదట్లో, మట్టిని తాకే చోట, నల్లగా నీరు పట్టినట్టు ఉంటే ఆ మొక్క ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి, అది మందులతో కోలుకోని కుళ్లు. కుండీ అడుగు రంధ్రంలోంచి తెల్లని వేళ్లు ఒకటి రెండు కనబడితే మంచిదే, గోధుమ రంగు చాపలా అల్లుకొని ఉంటే మాత్రం మొక్క ఆ కుండీలో ఎక్కువ కాలం ఇరుక్కుపోయిందని అర్థం. నేను కొన్న నాలుగూ ఈ పరీక్షల్లో నెగ్గాయి. ఆరు అంగుళాల కుండీకి 380 చెప్పి, నాలుగు తీసుకున్నందున 350 చొప్పున ఇచ్చారు. అదే చోట జోనల్ కుండీ 150 రూపాయలే.

ఇంటికి తెచ్చే దారిలో చాలామందికి తట్టని ఒక జాగ్రత్త ఉంది. పెలార్గోనియం పూలు ఎథిలీన్ వాయువుకు చాలా సులభంగా రాలిపోతాయి, మాగుతున్న పండ్ల నుంచి వెలువడేది ఆ వాయువే. పండగ ముందు రోజులు కనుక కారు వెనక అరటి గెల వేసుకొని, అద్దాలు మూసి, పక్కనే ఈ కుండీలు పెట్టుకుంటే ఇల్లు చేరేసరికి రేకులు కింద పరచుకుంటాయి. నాకు నర్సరీలో ఈ విషయం ఎవరూ చెప్పలేదు. చదివి తెలుసుకున్నాను గనుక పండ్లు మరొక రోజు తెచ్చుకున్నాను.

మొక్కలతో పాటు అదే నర్సరీలో అయిదు కిలోల కుండీ మట్టి మిశ్రమం సంచి ఒకటి 180 రూపాయలకు కొన్నాను. దానికి నేను మంచి మార్కులు ఇవ్వలేను. అందులో ముప్పాతిక భాగం కొబ్బరి పొట్టే. పొట్టు పైన ఆరినట్టు కనిపించి లోపల రోజుల తరబడి చెమ్మ పట్టి ఉంచుతుంది. రీగల్ వేళ్లకు అదే విషం. ఆ మిశ్రమాన్ని తోసిపుచ్చకుండా, దానికి సమానంగా ఎర్రమట్టి, అంతే ముతక ఇసుక, ఒక గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపాక పని చేసింది. ఎనిమిది అంగుళాల మట్టి కుండీలు వాడాను. మట్టి కుండీ గోడల గుండా కూడా తేమ ఆరుతుంది గనుక నీరు కాస్త ఎక్కువైనా మొక్క తట్టుకుంటుంది. పూలతో ఉన్నప్పుడు కుండీ మార్చకుండా ఏప్రిల్ దాకా ఆగడం మేలని ఇప్పుడు తెలుసు. మొదటి వారంలోనే తొందరపడి మార్చిన గులాబీ రంగు మొక్క తన మొగ్గల్లో కొన్నింటిని ఎండబెట్టుకుంది.

నీటి విషయం మీద ఎంత చెప్పినా తక్కువే. రోజూ ఉదయం మిద్దె మీద అన్ని కుండీలకూ గొట్టంతో నీరు పట్టే అలవాటు ఉన్న ఇంట్లో రీగల్ బతకదు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, తడి తగలకపోతేనే నిండుగా పోసి, అడుగు నుంచి కారిన నీటిని పళ్లెంలో నిలవనీయకుండా పారబోయాలి. జనవరిలో నాకు ఇది మూడు రోజులకొకసారి, మార్చిలో రోజు మార్చి రోజు అయింది. ఆకుల మీద, పూల మీద నీరు పడకూడదు, ముడతల్లో నిలిచిన నీరు బూజు తెగులుకు దారి తీస్తుంది. మా బోరు నీరు ఉప్పు ఎక్కువగా ఉన్నది. రెండు నెలలు గడిచేసరికి కుండీ అంచుల మీద తెల్లని పొర కట్టి, ఆకు అంచులు మాడినట్టు అయ్యాయి. అప్పటి నుంచి ఈ కుండీలకు మున్సిపల్ కుళాయి నీటిని ఒక రాత్రి బిందెలో ఉంచి పోస్తున్నాను, వాన పడిన రోజుల్లో పట్టి పెట్టుకున్న నీటిని వాడుతున్నాను. కొత్త ఆకుల్లో మాడు మళ్లీ కనిపించలేదు.

వెలుతురు మాత్రం దీనికి పుష్కలంగా కావాలి. నీడలో పెడితే కాడలు సాగి, పూలు పాలిపోతాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తూర్పు వైపు నీరెండ పదకొండు గంటల దాకా తగిలే చోటు మంచిది. మహాశివరాత్రి దాటాక మిద్దె మీద మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. సగం వెలుగు ఆపే పచ్చని నీడవల కింద పెట్టాను, కుండీలను నేరుగా గచ్చు మీద కాక ఇటుకల మీద నిలిపాను. గచ్చు వేడి కుండీ అడుగు నుంచి వేళ్లకు ఎక్కుతుందని, పైన నీడ ఉన్నా అది సరిపోదని అరచేయి ఆనిస్తేనే తెలుస్తుంది. వాడిన పూల గుత్తిని రేకులు గిల్లి వదిలేయకుండా, కాడ పుట్టిన చోటు దాకా పట్టుకొని పక్కకు వంచితే టక్కున ఊడివస్తుంది. అలా తీస్తూ ఉంటే పక్క మొగ్గలకు బలం చేరుతుంది. మొగ్గలు ఉన్నంత కాలం పదిహేను రోజులకొకసారి 13:0:45 ఎరువును (ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ పాళ్లు) లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున, తడి మట్టిలో మాత్రమే పోశాను. పూలు లేని పెరుగుదల కాలంలో 19:19:19 అంతే మోతాదులో చాలు. నత్రజని ఎక్కువైతే ఆకు నిగనిగలాడుతుంది, మొగ్గ మాత్రం రాదు.

ఇలా చూసుకుంటే మొదటి ఏడాది నాలుగు కుండీలూ ఇచ్చిన పూల గురించి నాకు ఏ కొరతా లేదు. ఒక్కొక్క గుత్తిలో అయిదారు పూలు, ఒక్కొక్క పువ్వు అరచేతిలో సగం వెడల్పు. ముదురు ఊదా పువ్వులో పై రేకుల మచ్చ దాదాపు నల్లగా, మఖమల్ గుడ్డలా ఉండి, అంచుకు వచ్చేసరికి సన్నని లేత గీత తేలుతుంది. ఒక్క మొక్క మీద ఇరవై రెండు గుత్తులు లెక్కపెట్టాను. జనవరి పదో తేదీ నుంచి మార్చి ఆఖరు దాకా మా వసారా ముందు నుంచి వెళ్లేవారు ఆగి ఆ పువ్వు పేరు అడగని రోజు లేదు. ఉగాది నాటికి పూలు పలచబడి, ఏప్రిల్ రెండో వారానికి ముగిశాయి.

అక్కడి నుంచి అసలు పరీక్ష. ఏప్రిల్‌లో మొక్కను మూడింట ఒక వంతు కత్తిరించి, కింద వసారాలో గాలి ఆడే నీడకు దించాను. మే నెలలో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో ఆకులు సగం పసుపు పచ్చబడి రాలిపోయాయి. ఆ దశలో మొక్క చచ్చిపోతోందని భయపడి నీరు ఎక్కువ పోయడం పెద్ద తప్పు, నేను ఒక కుండీ విషయంలో ఆ తప్పే చేశాను. వడగాలి తగిలిన రోజు సాయంత్రం తెలుపు రంగు మొక్క వాడిపోయి కనిపిస్తే జాలిపడి చెంబెడు నీరు పోశాను. మర్నాడూ వాడే ఉంటే మళ్లీ పోశాను. రోహిణి కార్తె ముగిసేలోగా కాండం మొదలు నల్లబడి మొక్క వాలిపోయింది. పెకలించి చూస్తే వేళ్లు గోరు తగిలితే చిదిగిపోయే స్థితిలో ఉన్నాయి. ఎండలో వాడినది దాహంతో కాదు, వేళ్లు కుళ్లి నీరు తాగలేక. తక్కిన మూడింటికీ అయిదారు రోజులకొకసారి గ్లాసు నీళ్లు మాత్రమే ఇచ్చాను, అవి జులై వానలతో చిగురించాయి.

తెల్లదోమ జూన్‌లో వచ్చింది. పసుపు రంగు జిగురు అట్టలు రెండు వేలాడదీసి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం వేళ ఆకుల అడుగున తడిసేలా వారానికొకసారి మూడు సార్లు చల్లితే అదుపులోకి వచ్చింది. ఒక్కసారి చల్లి ఊరుకుంటే గుడ్ల నుంచి వచ్చే తరువాతి తరం మిగిలిపోతుంది. ఈ మొక్కలో ఒక మంచి గుణం కూడా ఉంది. జోనల్ రకం ఆకుల అడుగున గోధుమ రంగు వలయాలుగా వచ్చే తుప్పు తెగులు రీగల్‌ను ఇబ్బంది పెట్టదు. నా జోనల్ కుండీకి అది వచ్చినప్పుడు పక్కనే ఉన్న రీగల్ ఆకుల మీద చుక్క కూడా పడలేదు. ఇంట్లో పిల్లులు, కుక్కలు ఉన్నవారు మాత్రం, వాటికి పెలార్గోనియం ఆకులు తింటే వాంతులు అవుతాయని గుర్తుంచుకొని అందని ఎత్తులో పెట్టుకోవాలి.

సెప్టెంబరు చివర కొమ్మ ముక్కలు నాటాను. ముదురు ఊదా మొక్క నుంచి పూయని కొమ్మలను వేలెడు పొడవున, కణుపుకు కొంచెం కింద కత్తిరించి, కింది ఆకులు తీసేసి, కోసిన చోటు ఆరడానికి మూడు గంటలు నీడలో ఉంచాను. ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం కలిపి చిన్న కప్పుల్లో గుచ్చాను. గులాబీ కొమ్మలకు చేసినట్టు పైన ప్లాస్టిక్ సంచి కప్పకూడదు, ఉక్కకు ముక్కలు కుళ్లిపోతాయి. ఆరింటిలో నాలుగు నాలుగో వారానికి వేరు పట్టాయి. అంతలో అక్టోబరు వాయుగుండం వానలు మొదలయ్యాయి. రోజుల తరబడి ఆగకుండా కురిసే ఆ వానలో మిద్దె మీద ఉంచిన రీగల్ నిలవదు. పైకప్పు ఉండి పక్కల నుంచి వెలుగు వచ్చే చోటు లేనివారు దీన్ని ఏడాది పొడవునా ఉంచుకోవాలని అనుకోకపోవడమే మంచిది.

ఆ అక్టోబరు ఆఖరులో ఒక చిన్న ప్రయోగం చేశాను. నా దగ్గర మిగిలినవి మూడు తల్లి మొక్కలు, నాలుగు పిల్ల మొక్కలు. రెండు తల్లి మొక్కలను, రెండు పిల్లలను మదనపల్లెలో ఉన్న మా చెల్లెలి ఇంటికి పంపాను. ఒక తల్లిని, రెండు పిల్లలను తిరుపతిలో ఉంచాను. పిల్లలన్నీ ఒకే ఊదా మొక్క ముక్కలు కనుక రకం తేడా అనే మాటకు తావు లేదు. మునుపటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లె చల్లని గాలికి పేరు మోసిన ఊరు. క్షయ రోగుల కోసం ఆ ఊరి పక్కనున్న ఆరోగ్యవరంలో పూర్వం ఆసుపత్రి కట్టడానికి అక్కడి పొడి చల్లదనం కూడా ఒక కారణం. ఊరు సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, మన తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనే లెక్కన ఈ రెండు ఊళ్ల మధ్య మూడున్నర డిగ్రీల తేడా రావాలి. ఇద్దరం ఒకే రకం థర్మామీటరు కొని, డిసెంబరు మొదటి నుంచి జనవరి ఆఖరు దాకా తెల్లవారుజామున చూసి రాసుకున్నాం. మా వసారాలో ఆ రెండు నెలల్లో అతి తక్కువగా నమోదైనది 16.5 డిగ్రీలు, అదీ ఒక్క రాత్రి. చాలా రాత్రులు 18, 19 దగ్గరే ఉన్నాయి. చెల్లెలి ఇంట్లో మాత్రం 15కు దిగువన ఇరవై మూడు రాత్రులు, అతి తక్కువగా 12 డిగ్రీలు.

ఫిబ్రవరి పదిహేనున చెల్లెలు ఫోన్ చేసి ‘అక్కా, ఊదా దానికి మొగ్గలు వచ్చినాయి, ఆకు పక్కకు తీస్తే ఇంకా ఉండాయి’ అంది. మార్చిలో అక్కడి తల్లి మొక్కలు రెండూ తొమ్మిది, ఏడు గుత్తులు పూశాయి. పిల్లలు చెరి రెండు గుత్తులు పూశాయి. నేను మొదటి ఏడాది చూసిన ఇరవై రెండు గుత్తులతో పోలిస్తే అది సగం కూడా కాదు, అయినా పువ్వు పరిమాణంలో, రంగులో ఏ తేడా లేదు. ఇక్కడ తిరుపతిలో, అదే ఎరువుతో, అదే మట్టిలో, పిల్ల మొక్కలు రెండూ ఏపుగా గుబురు కట్టాయి, ఒక్క మొగ్గ కూడా తొడగలేదు. తల్లి మొక్క మార్చి నెలాఖరున ఒకే ఒక గుత్తి తొడిగింది, అందులో మూడు మొగ్గలుంటే రెండు విచ్చుకోకుండానే ఎండకు ఎండిపోయాయి. ఆ మిగిలిన ఒక్క పువ్వును నేను ఎంతో అపురూపంగా చూసుకున్నాను. దాన్ని బట్టి మిద్దె మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఏమి దక్కుతుందో కూడా నిజాయితీగా తెలిసింది.

మదనపల్లె, పలమనేరు, కుప్పం వంటి పీఠభూమి ఊళ్లలో ఉన్నవారికి కనుక ఈ మొక్కను నేను నిస్సందేహంగా సూచిస్తాను. హార్సిలీ కొండ మీద, 1,200 మీటర్లకు పైన, ఇల్లు గాని తోట గాని ఉన్నవారికి ఇంకా బాగా పూస్తుందనడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు వంటి పల్లపు ఊళ్ల వారు దీన్ని చామంతిలా, ఒక రుతువు కోసం కొనే మొక్కగా తీసుకుంటే నిరాశ ఉండదు. 350 రూపాయలకు డెబ్బై రోజులకు పైగా పూలు అంటే రోజుకు అయిదు రూపాయలు పడుతుంది, గుమ్మానికి మూర పూలు కొన్నా అంతకు మించే అవుతుంది. ఏడాది పొడవునా గుమ్మంలో పూలు ఉండాలనుకునేవారికి జోనల్ రకమే తగినది, అది వేసవి నడుమ కొంచెం నెమ్మదించినా వానలతో మళ్లీ పూలు పట్టుకుంటుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం గురించి ఒక మాట. 2024 డిసెంబరులో ఒక వెబ్‌సైటు నుంచి రీగల్ మొక్క ఒకటి, 299 రూపాయలు, పంపే ఖర్చు 120 అదనంగా ఇచ్చి తెప్పించాను. ఆరు రోజులు చీకటి పెట్టెలో ప్రయాణించి వచ్చేసరికి ఆకులు పసుపుబారి, మొదలు మెత్తబడి ఉంది. ఫొటోలు పంపితే సగం డబ్బు తిరిగి ఇచ్చారు. వాళ్లు పంపిన ఆకును చూస్తే అది రీగల్ కూడా కాదు, వలయం ఉన్న జోనల్. కళ్లతో చూసి, ఆకు తిప్పి, మొదలు తడిమి కొనడానికి వీలు లేని చోట ఈ మొక్కకు డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

నర్సరీలకు నేను కోరేది ఒక్కటే. చీటీ మీద ‘సంవత్సరం పొడవునా’ అన్న మాట తీసేసి, ‘జనవరి నుంచి ఏప్రిల్ దాకా పూలు, మళ్లీ పూయడానికి చల్లని రాత్రులు కావాలి’ అని తెలుగులో రాస్తే చాలు. నేను మొదట కొన్న చోట ఆ పెద్దాయనకు నా థర్మామీటరు లెక్కలు చూపించి ఈ మాట చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, మొక్కలు తెచ్చే వాళ్లకు చెబుతానన్నారు. ఆ తరువాత వచ్చిన సరుకుకు కూడా పాత చీటీలే వేలాడుతున్నాయి గాని, అడిగిన వారికి ఆయన మాత్రం ‘ఇది మన ఎండకు ఒక సీజనేనమ్మా’ అని చెప్పడం నేను పక్కన నిలబడి విన్నాను. మదనపల్లెకు పంపిన నాలుగు కుండీలూ అక్కడే ఉంటాయి. ఇక్కడ మిగిలిన వాటిలో రెండు పిల్లలను కూడా ఈ అక్టోబరులో చెల్లెలి దగ్గరికి పంపి, మా వసారాకు సంక్రాంతి ముందు మొగ్గల మీద ఉన్న ఊదా రంగు కుండీ ఒకటి కొత్తగా కొంటాను.